మంచుదేశంలో మన పిల్లల చేతులు

గత శీతకాలంలో ఒక రాత్రి ఇషా నమాజు అనంతరం మాకు ఒక ఫోను వచ్చింది. చేసినవాడు చిన్ననాడు మా మద్రసాలో నాజిరా పూర్తి చేసిన విద్యార్థి. ఇప్పుడు కిర్గిజిస్థాన్ రాజధాని బిష్కెక్‌లో వైద్యవిద్య అభ్యసిస్తున్నాడు. క్షేమ సమాచారాలు ముగిసిన పిమ్మట కొంత సంకోచిస్తూ, "హజ్రత్, తోలు మేజోళ్ల మీద మసహ్ చేసినట్లు చేతి గ్లౌజుల మీద కూడా చేయవచ్చా?" అని అడిగాడు.

"చేయకూడదు బేటా! వుజూలో మోచేతులతో సహా చేతులు కడగడం ఫర్జ్. గ్లౌజుల మీద మసహ్ చెల్లదు" అని మేము వెంటనే చెప్పాము.

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మెల్లగా అన్నాడు: "వేళ్లు ఎర్రగా ఉబ్బి దురద పెడుతున్నాయి హజ్రత్. వుజూ చేసిన తడి చేతులతో బయటికి వస్తే సూదులతో గుచ్చినట్లుంటుంది. పది రోజులుగా జుహ్ర్, అస్ర్ నమాజులు గదికి చేరాక ఖజా చేసుకుంటున్నాను."

మసలా చెప్పడం మా బాధ్యత, చెప్పాము. కానీ ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. చలి మూలంగా ఒక విశ్వాసి నమాజు వేళ తప్పిపోతూ ఉంటే, 'చెల్లదు' అన్న ఒక్క మాటతో మా పని పూర్తయినట్లేనా? చేతులు కడగక తప్పదని చెప్పినవారు, కడిగిన చేతులను ఎలా కాపాడుకోవాలో కూడా చెప్పవలసి ఉంటుంది కదా! ఆ రెండవ సగం జవాబు కోసం మేము చేసిన విచారణ ఫలితమే ఈ వ్యాసం. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి చదువుల కోసం, ఉద్యోగాల కోసం చలిదేశాలకు వెళ్తున్న పిల్లలు లేని ఊరు అరుదు. అందువల్ల ఈ విషయం ఒక్క ఇంటికి సంబంధించినది కాదు.

గుల్‌మర్గ్ చెంత నుంచి వచ్చిన సలహా

కోస్తాలో పుట్టిపెరిగిన మాకు మంచు గురించి తెలిసింది స్వల్పం. అందుచేత ఉత్తరాదిన మాతో కలిసి దీనీ విద్య అభ్యసించిన ఒక కశ్మీరీ మిత్రునికి ఫోను చేశాము. ఆయన నివాసం తంగ్‌మర్గ్. ప్రఖ్యాత గుల్‌మర్గ్‌కు కొండదారి మొదలయ్యేది అక్కడి నుంచే. కాళ్లకు పొడవాటి పట్టీలు బిగించుకొని, రెండు చేతుల్లో కర్రలు పట్టుకొని మంచువాలుపై జారే స్కీయింగ్ క్రీడకు గుల్‌మర్గ్ మన దేశంలోనే పేరెన్నిక గన్న స్థలం. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మైదానం నుంచి తీగమార్గపు గొండోలా అఫర్‌వట్ శిఖరం వైపు దాదాపు 4,000 మీటర్ల ఎత్తు వరకు మనుషులను చేరవేస్తుంది. మిత్రుని తమ్ముడు అక్కడ పర్యాటకులకు స్కీయింగ్ నేర్పే వృత్తిలో ఉన్నాడు.

మేము సంగతి వివరించగానే మిత్రుడు అడిగిన మొదటి ప్రశ్న: "కుర్రవాడు చేతులకు ఏమి తొడుక్కుంటున్నాడు?"

విచారించగా తేలింది: బయలుదేరే ముందు మన ఊరి దుకాణంలో కొన్న అయిదు వేళ్ల నూలు గ్లౌజులు. చూడటానికి మందంగా ఉన్నాయి. ధర కూడా తక్కువ కాదు.

"రెండు పొరపాట్లు జరిగాయి" అన్నాడు మిత్రుడు. "ఒకటి నూలు. రెండోది అయిదు వేళ్లు. మా పెద్దలు చిల్లయి కలాన్ చలిని ఎలా తట్టుకున్నారో గుర్తు తెచ్చుకోండి."

చిల్లయి కలాన్ అంటే డిసెంబరు 21 నుంచి నలభై రోజుల పాటు కశ్మీరులో కొనసాగే తీవ్రమైన చలికాలం. ఆ రోజుల్లో కశ్మీరీలు ఫిరన్ అనే వదులైన పొడవాటి ఉన్ని అంగీ ధరిస్తారు. చేతులను చొక్కా చేతుల్లోంచి లోపలికి లాక్కొని, పొట్ట దగ్గర పెట్టుకుంటారు. చాలామంది లోపల కాంగ్‌డీ అనే అల్లిక బుట్టలోని నిప్పుకుండను పట్టుకుంటారు. చర్మానికి ఆనించి ఏళ్ల తరబడి వాడితే దాని వేడి చర్మ క్యాన్సరుకు దారితీస్తుందని వైద్యులు హెచ్చరిస్తారు. కాబట్టి దానిని మేము సిఫారసు చేయడం లేదు. కానీ ఫిరన్‌లో దాగిన కిటుకు గమనించదగినది. వేళ్లను ఒకదానికొకటి దూరం చేయకుండా, గాలికి వదలకుండా ఒకచోట చేర్చి ఉంచడమే అది. అదే కిటుకు మీద తయారైనది మిట్టెన్.

మిట్టెన్‌లో వెచ్చదనం ఎలా వస్తుంది?

బొటనవేలికి ఒక అర, మిగిలిన నాలుగు వేళ్లకు కలిపి ఒకే అర ఉండే చేతితొడుగును మిట్టెన్ అంటారు. మన ఇళ్లలో దస్తానాలు అన్న పేరుతో ఎరిగినవి సాధారణంగా అయిదు వేళ్లవి. ఈ రెండింటి మధ్య తేడా కేవలం ఆకారంలోనిది కాదు.

ఏ వస్త్రమూ తనంతట తాను వేడిని పుట్టించదు. వేడి పుట్టేది మన శరీరంలోనే. వస్త్రం తన పోగుల మధ్య గాలిని కదలనివ్వకుండా బంధించి, ఆ వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది. అయిదు వేళ్ల గ్లౌజులో ప్రతి వేలూ నలువైపులా చలికి ఎదురై, తన కొద్దిపాటి వేడిని తానే కోల్పోతుంది. మిట్టెన్‌లో నాలుగు వేళ్లూ ఒకే గదిలో కూర్చున్న కుటుంబం వలె ఒకదాని వేడిని మరొకటి పంచుకుంటాయి. చలికి ఎదురయ్యే పైభాగం కూడా తగ్గుతుంది.

ఇక చలి ఎక్కువైనప్పుడు శరీరం గుండె, ఊపిరితిత్తులు మొదలైన ముఖ్యావయవాలను కాపాడుకోవడానికి చేతులకు, పాదాలకు రక్తప్రసరణ తగ్గిస్తుంది. అందుకే ముందుగా మొద్దుబారేవి వేళ్లే. గాలి తోడైతే మరీ కష్టం. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పని చర్మానికి అది మైనస్ 20 డిగ్రీల చలితో సమానం. స్కీయింగ్ చేసేవాడు ఆ వేగంతో జారుతున్నప్పుడు గాలి వీయకపోయినా తన గాలిని తానే సృష్టించుకుంటాడు.

మిట్టెన్‌కు ఒక లోపం ఉంది. అది తొడుక్కొని నాణేలు లెక్కపెట్టలేము, గుండీలు పెట్టుకోలేము, ఫోను వాడలేము. దీనికి పరిష్కారం రెండు పొరలు: లోపల పలుచని అయిదు వేళ్ల గ్లౌజు, దాని మీద వదులుగా ఉండే మిట్టెన్. పని పడినప్పుడు పైది మాత్రమే తీస్తే చర్మం చలికి బయటపడదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ వెచ్చదనం పొందే మార్గం కూడా ఇదేనని మిత్రుని తమ్ముడు చెప్పాడు.

కొనేటప్పుడు చూడవలసినవి

లోపలి గుడ్డ: నూలు మన వేసవికి వరం, మంచులో శత్రువు. అది చెమటను, తడిని పీల్చుకొని వదలదు. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతుంది కనుక తడిసిన నూలు తొడుగు చేతిని చల్లబరుస్తుంది. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. నహ్ల్ సూరా 5వ ఆయతులో పశువుల వల్ల మానవునికి కలిగే ప్రయోజనాలను తెలుపుతూ అల్లాహ్ అన్నిటికంటే ముందు వెచ్చదనాన్నే ప్రస్తావించిన సంగతి ఈ సందర్భంలో మాకు గుర్తుకు వచ్చింది. ఫ్లీస్ అనే మెత్తని పాలిస్టర్ గుడ్డ, పాలిస్టర్ పోగుల నింపుడు కూడా తడిని బాగానే తట్టుకుంటాయి, త్వరగా ఆరతాయి, చౌక. పక్షి నూగు నింపినవి పొడిగా ఉన్నంతసేపు ఎంతో వెచ్చగా ఉంటాయి కానీ, తడిస్తే ఉండకట్టి పనికిరాకుండా పోతాయి; ధర కూడా అధికం.

పైగుడ్డ: నగరంలో బస్సుకూ కాలేజీకీ నడిచేవారికి గాలిని అడ్డగించే గుడ్డ చాలు. స్కీయింగ్ చేసేవారు మాటిమాటికీ మంచులో పడి చేతులు ఆనిస్తారు కాబట్టి వారికి నీరు చొరని పొర అవసరం. చీటీ మీద 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంటే కొద్దిపాటి తడిని మాత్రమే ఆపుతుందని, 'వాటర్‌ప్రూఫ్' అని ఉంటే నీటిని లోపలికి రానివ్వదని గ్రహించాలి. బయటి నీటిని ఆపుతూనే లోపలి చెమట ఆవిరిని బయటికి పంపే పొర అయితే మరీ మంచిది.

కొలత: బిగుతుగా ఉన్నది వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. బిగుతు తొడుగు రక్తప్రసరణను అడ్డుకుంటుంది. గాలి నిలిచే చోటును కూడా నలిపివేస్తుంది. తొడుక్కొని పిడికిలి బిగించినప్పుడు సులభంగా ముడుచుకోవాలి. వేళ్లు చాచినప్పుడు కొనల దగ్గర కొద్దిపాటి ఖాళీ మిగలాలి. లోపలి గ్లౌజుతో కలిపి వాడదలచుకుంటే అది తొడుక్కునే పైదాని కొలత చూడాలి.

మణికట్టు: మిట్టెన్ మణికట్టును దాటి రావాలి. చొక్కాకూ తొడుగుకూ మధ్య రెండు వేళ్ల వెడల్పు చర్మం కనిపించినా చలి అక్కడి నుంచే చొరబడుతుంది. బిగించుకోవడానికి పట్టీ, తీసినప్పుడు గాలికి కొట్టుకుపోకుండా చేతికి వేలాడే తాడు ఉంటే మేలు. రోజుకు అయిదుసార్లు వుజూ చేసేవారికి ఈ తాడు ఎంతో ఉపకరిస్తుంది.

లోపలి పొర విడిగా రావడం: లోపలి పొరను బయటికి తీయగలిగితే త్వరగా ఆరబెట్టవచ్చు. కుట్టివేసినది అయితే ఒక రాత్రిలో ఆరకపోవచ్చు. మరునాడు ఫజ్ర్ వేళకు తడి తొడుగే గతి అవుతుంది.

తోలు విషయంలో జాగ్రత్త

కర్రలు, తాళ్లు పట్టుకోవలసిన స్కీయింగ్ మిట్టెన్లకు అరచేతి భాగాన తోలు వేస్తారు. అది గట్టిగా మన్నుతుంది. కానీ చలిదేశాల మార్కెట్లలో లభించే చౌక తోలు చేతితొడుగులలో పందితోలు వాడకం సర్వసాధారణం. ధర చూసి సంతోషపడి కొనే ముందు మనవారు దీనిని తప్పక గమనించాలి.

చర్మశుద్ధి చేసిన తోలు పరిశుద్ధమవుతుందని దైవప్రవక్త (స) బోధించినట్లు ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. అయితే పంది స్వతహాగానే అపరిశుద్ధమైనది కనుక దాని తోలు ఏ శుద్ధితోనూ పవిత్రం కాదని హనఫీ ధర్మవేత్తలు స్పష్టం చేశారు. అటువంటి తొడుగుతో నమాజు చేయడం తగదు. తడి చేతిని అందులో పెట్టడం మరొక సమస్య.

గుర్తించడం కష్టమేమీ కాదు. చీటీ మీద 'పిగ్‌స్కిన్' అని రాసి ఉంటుంది. మేకతోలుకు 'గోట్‌స్కిన్' అనీ, ఆవుతోలుకు 'కౌహైడ్' అనీ రాస్తారు. 'జెన్యూన్ లెదర్' అని మాత్రమే ఉంటే ఏ జంతువుదో తెలియదు కాబట్టి దుకాణదారుని అడగాలి. నునుపైన పందితోలును పరిశీలనగా చూస్తే వెంట్రుకల రంధ్రాలు మూడేసి చొప్పున చిన్న త్రికోణాలుగా కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే అరచేతి భాగం కృత్రిమ తోలుతో చేసినది తీసుకోవడం ఉత్తమం. అది ధరలోనూ తక్కువే.

ఎక్కడ ఖర్చు, ఎక్కడ పొదుపు?

ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు దుబారాకూ పిసినారితనానికీ నడుమ ఉండే మార్గాన్ని కరుణామయుని దాసుల లక్షణంగా పేర్కొన్నది. మిట్టెన్ల కొనుగోలులోనూ ఆ మార్గం ఉంది.

పేరున్న కంపెనీ ముద్ర కోసం, హంగుల కోసం డబ్బు వెచ్చించనక్కరలేదు. నీరు చొరని పైపొర కోసం, సరైన కొలత కోసం వెచ్చించాలి. నగరంలోనే ఉండేవారికి ఫ్లీస్ అతికిన ఉన్ని మిట్టెన్, దాని లోపలికి ఒక పలుచని గ్లౌజు చాలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్కీయింగ్‌కు వెళ్లేవారు పైతొడుగును స్కీ సామాను అద్దెకిచ్చే చోట దొరుకుతుందేమో విచారించి, లోపలి పలుచని గ్లౌజు మాత్రం సొంతంగా ఉంచుకోవచ్చు. ఖరీదైన ఒకే జతకంటే మధ్యరకం రెండు జతలు మేలు. ఒకటి తడిసినప్పుడు రెండవది పొడిగా ఉంటుంది.

మరొక ముఖ్య విషయం. మైనస్ డిగ్రీల చలి ఎరుగని మన ఊళ్ల దుకాణాలలో అంతటి చలికి తగిన సరుకు దొరకడం కష్టం. కశ్మీరుకు వెళ్లేవారు కశ్మీరులో, బిష్కెక్‌కు వెళ్లేవారు అక్కడి ఓష్ బజారు, దోర్దోయ్ బజారులలో కొనుక్కోవడం లాభదాయకం. తరతరాలుగా గొర్రెలు కాసి, ఉన్నితో గుడారాలు, టోపీలు చేసుకుంటూ వచ్చిన కిర్గిజ్ ప్రజలకు ఉన్ని సంగతి మనకంటే బాగా తెలుసు. వారు కూడా మన హనఫీ సోదరులే. వుజూకు ఇబ్బంది లేని తొడుగు ఏదని అక్కడి మసీదులో అడిగితే తప్పక చెబుతారు.

వుజూ వేళ పాటించవలసిన క్రమం

తబూక్ ప్రయాణంలో ఒక తెల్లవారుజామున జరిగిన సంఘటనను ముగీరా బిన్ షోబా (రజి) ఉల్లేఖించారు. దైవప్రవక్త (స) ధరించిన ఉన్ని జుబ్బా చేతులు ఇరుకుగా ఉండటం వల్ల పైకి జరపడానికి వీలు కాలేదు. అప్పుడు ఆయన చేతులను జుబ్బా అడుగు నుంచి బయటికి తీసి కడిగారు. ముగీరా (రజి) మేజోళ్లు తీయబోగా, వాటిని శుద్ధ స్థితిలో తొడుక్కున్నానని చెప్పి వారించి, వాటి మీద మసహ్ చేశారు. ఇరుకు చేతుల అంగీ నుంచైనా సరే చేతులు బయటికి వచ్చాయి. పాదాలకు మాత్రం సౌలభ్యం లభించింది. కుర్రవాడి ప్రశ్నకు జవాబు ఈ ఒక్క సంఘటనలోనే ఉంది.

కాబట్టి ఈ క్రమాన్ని పాటించమని మేము సూచిస్తున్నాము. ఉదయం గదిలో వేడినీటితో వుజూ చేసి, తోలు మేజోళ్లు తొడుక్కోవాలి. స్వస్థలంలో ఉన్నవారికి ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికులకు మూడు పగళ్లు మూడు రాత్రులు వాటి మీద మసహ్ చేసే అనుమతి ఉంది. దీనితో పగటి వేళ కడగవలసినవి ముఖమూ చేతులే అవుతాయి. వుజూ చేస్తున్నంతసేపు మిట్టెన్లను కోటు లోపల ఛాతీ దగ్గర పెట్టుకుంటే తిరిగి తొడుక్కునేటప్పుడు వెచ్చగా ఉంటాయి. జేబులో ఒక చిన్న తువ్వాలు ఉంచుకొని, వేళ్ల సందులతో సహా పూర్తిగా తుడుచుకున్న తర్వాతనే తొడుక్కోవాలి. తడి చేతితో బయటికి రావడం, తడి చేతిని తొడుగులో పెట్టడం – ఈ రెండింటివల్లనే మా విద్యార్థికి బాధ కలిగింది.

కష్టమనిపించే వేళల్లోనూ వుజూను పరిపూర్ణంగా చేయడం పాపాలను తుడిచివేస్తుందని హదీసు బోధిస్తున్నది. అంటే వేడినీరు అందుబాటులో ఉండగా చన్నీటిని వెతుక్కోమని కాదు. వేడి చేసుకునే మార్గమే లేక, నీటివల్ల నిజంగా హాని కలుగుతుందన్న భయం ఉన్న స్థితి వేరు. తీవ్రమైన చలిరాత్రి ప్రాణభయంతో, తప్పనిసరి స్నానానికి బదులు అమ్ర్ బిన్ ఆస్ (రజి) తయమ్ముమ్ చేసి నమాజు చేయించినప్పుడు దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. అటువంటి పరిస్థితి ఎదురైనవారు తమ స్థితిని విద్వాంసులకు వివరించి అడగాలి. సొంతంగా నిర్ణయించుకొని నమాజును వాయిదా వేయకూడదు.

ప్రమాద సంకేతాలు

వేళ్లు ఎర్రబడి, ఉబ్బి, దురద పెట్టడం చలిపొక్కుల లక్షణం. వేళ్లు పాలిపోయి, మైనపు రంగుకు మారి, గట్టిపడి, స్పర్శ తెలియకుండా పోతే అది అంతకంటే ప్రమాదకరమైన మంచుకాటు. అప్పుడు వేళ్లను రుద్దకూడదు, మంచుతో తోమకూడదు, హీటరుకో మంటకో ఆనించకూడదు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. లోపలికి చేరి, గోరువెచ్చని నీటిలో ముంచి, ఆలస్యం లేకుండా వైద్యుని చూడాలి. మళ్లీ చలిలోకి వెళ్లక తప్పని స్థితిలో మాత్రం ముందే వేడి చేయరాదు. కరిగిన చర్మం మళ్లీ గడ్డకడితే నష్టం ఇంకా ఎక్కువ.

ఇనుప పొడితో తయారై, గాలి తగలగానే వేడెక్కే చిన్న సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిని నేరుగా చర్మానికి ఆనించకుండా లోపలి గ్లౌజుకూ మిట్టెన్‌కూ నడుమ ఉంచాలి. తడిసిన తొడుగులను హీటరు మీద వేయకుండా దానికి కొంత దూరంలో వేలాడదీయాలి. తోలు భాగం ఎక్కువ వేడికి పగుళ్లిస్తుంది.

ఈ వివరాలన్నీ మేము మా విద్యార్థికి తెలియజేశాము. అతడు ఆదివారం ఓష్ బజారుకు వెళ్లి ఒక ఉన్ని మిట్టెన్ల జత, ఒక పలుచని గ్లౌజుల జత, ఒక చిన్న తువ్వాలు కొనుక్కున్నాడు. మొత్తం ఖర్చు మన ఊరిలో కొన్న నూలు గ్లౌజుల కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువయిందట. మూడు వారాల తర్వాత మళ్లీ ఫోను చేసి, వాపు తగ్గిందని, జుహ్ర్ నమాజు కాలేజీ దగ్గరి మసీదులో జమాఅతుతో చేస్తున్నానని చెప్పాడు. ఖజా అయిన నమాజుల లెక్క రాసుకొని ఒక్కొక్కటిగా పూర్తి చేస్తున్నాడట.

అతని తండ్రి ఒక జుమా రోజున మసీదు మెట్ల దగ్గర కలిసి, "వాడికి ఫీజు కట్టాము, టికెట్టు కొన్నాము, ఊరగాయ సీసాలు కూడా సర్దాము మౌలానా గారూ! చేతుల సంగతి మాత్రం మాకు తట్టలేదు" అన్నారు. నిజానికి అది మాకు కూడా తట్టలేదు. వుజూ అధ్యాయం ఏళ్ల తరబడి బోధించిన మేము, కడిగిన చేతులు తర్వాత ఎక్కడికి వెళ్తాయో ఆలోచించలేదు. ఈ ఏడాది నుంచి ఆ పాఠం చెప్పేటప్పుడు చలిదేశాల ప్రస్తావన కూడా చేస్తున్నాము.

ఈ శీతకాలంలో తమ పిల్లలను దూరదేశాలకు పంపుతున్న తల్లిదండ్రులు పెట్టె సర్దే వేళ ఒక జత తోలు మేజోళ్లను, ఒక చిన్న తువ్వాలును మరువకుండా ఉంచి, మిట్టెన్లకు కావలసిన సొమ్మును విడిగా చేతికివ్వవలసిందిగా మా మనవి. పరాయి నేలపై ఉన్న మన బిడ్డల ఆరోగ్యాన్నీ, వారి నమాజులనూ అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.